శనివారం రాత్రి మంట ఎందుకు లేదు?

గోదావరి జిల్లాల్లోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక ఉపాధ్యాయురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 44. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతారు. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 68 కిలోలు. ఆరు నెలల కిందట పరీక్షలు చేయిస్తే మూడు నెలల సగటు చక్కెర, అంటే హెచ్‌బీఏ1సీ, 6.1 వచ్చింది. హిమోగ్లోబిన్ 10.6. నాలుగేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు. షుగరుకు మాత్రలేవీ ఇంకా మొదలుపెట్టలేదు. వాళ్ల అమ్మగారు షుగరుతో మొదట కంటిచూపు, తర్వాత కాలి వేళ్లు పోగొట్టుకుని అరవై రెండేళ్లకే కన్నుమూశారు. ఆ భయం ఉత్తరంలో ప్రతి పేజీలోనూ ఉంది.

ఆమె ఉదయం 5 గంటలకు లేస్తారు. మాత్ర వేసుకుని పది నిమిషాల్లో టీ తాగుతారు. ఇంటర్ చదివే కొడుక్కి ఏడింటికల్లా బాక్సు కట్టాలి. అత్తగారికి ఎనిమిదింటికి టిఫిన్ పెట్టి, తాను రెండో టీ తాగి 8.15 బస్సు అందుకుంటారు. పదకొండింటికి స్టాఫ్ రూములో మూడో టీ. 12.30కు బాక్సు: వారంలో రెండు మూడు రోజులు పులిహోర, మిగతా రోజులు అన్నం, ఏదో ఒక వేపుడు, కాస్త పెరుగు. సాయంత్రం 5కు ఇల్లు చేరగానే వంటింట్లో నిలబడే జంతికలు, బిస్కట్లు, మిగిలిన టిఫిన్, ఏది చేతికి అందితే అది. అత్తగారు ఏడింటికి తినేస్తారు. భర్తది హార్డ్‌వేర్ దుకాణం. ఆయన వచ్చాక 9.45కు ఇద్దరూ కలిసి భోంచేస్తారు. 10.30కు ఈమె పడుకుంటారు. ఆ తర్వాత గుండెల్లో మంట, పులితేన్పులు.

పద్నాలుగు నెలల్లో అయిదు పద్ధతులు చూశారు. భర్త రోజుకు రెండు పూటలే తిని అయిదు నెలల్లో ఏడు కిలోలు తగ్గారని ఆయనలా టిఫిన్ మానేశారు. పదకొండింటికల్లా తలనొప్పి, పిల్లల మీద కేకలు. బెంగళూరులోని చెల్లెలు చెప్పిందని రెండేసి గంటలకు కాస్త కాస్త తిన్నారు. తోటి టీచరును చూసి అన్నం మాని కొర్రలు, సామలు తిన్నారు. పక్కింటివారితో కలిసి మధ్యాహ్నం దాకా కూరగాయల రసాలే తాగారు. చివరికి ఒక వీడియో చూసి రాత్రి భోజనం మానితే, నాలుగో రోజు రాత్రి రెండింటికి లేచి చీకట్లో చల్లన్నం తిని ఏడ్చారట. ఏదీ మూడు వారాలు దాటలేదు. ఇప్పుడు మళ్లీ టిఫిన్ మానేసి ఉన్నారు.

“అత్తయ్య మూడు పూటలా తినకపోతే నీరసించిపోతావంటారు. మావారు ‘ఒక పూట తింటే యోగి, రెండు పూటలు తింటే భోగి, మూడు పూటలు తింటే రోగి’ అంటారు. ఉపవాసానికి నోబెల్ బహుమతి కూడా వచ్చిందంటారు. ఎవరి మాట నిజం? నాకు నిగ్రహం లేకపోవడమే అసలు జబ్బా? ఎన్ని పూటలు, ఏ వేళకు తినాలో ఒక పట్టిక రాసివ్వండి. కళ్లు మూసుకుని పాటిస్తాను” అని అడిగారు.

టీచరు గారూ,

పట్టిక అడిగారు. ఒకటి రాసివ్వడం నాకు అయిదు నిమిషాల పని. కానీ అది మీ ఆరో ప్రయోగం అవుతుంది, మూడు వారాలకు అదీ పోతుంది, పోయాక మీకు నిగ్రహం లేదని మీరు ఇంకోసారి రాసుకుంటారు. అందుకే ముందు మీ ఉత్తరాన్నే మీకు చదివి వినిపిస్తాను. అయిదో పేజీలో అడుగున మీరు ఇలా రాశారు: “శనివారాలు వేంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉంటాను. బడికి వెళ్లేముందు పాలు, అరటిపండు. మధ్యాహ్నం మజ్జిగ. సాయంత్రం దీపం పెట్టుకుని ఆరున్నరకు రెండు చపాతీలు, పప్పు. ఆ రోజు తలనొప్పి ఉండదు, రాత్రి గుండెల్లో మంట ఉండదు. స్వామి దయ.” ఆ తర్వాత వేరే విషయంలోకి వెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే చాలాసేపు ఆగిపోయాను.

స్వామి దయ మీద మీ నమ్మకాన్ని నేను ముట్టుకోను. దానితోపాటు మిగతా ఆరు రోజులకూ శనివారానికీ ఉన్న తేడాలు కూడా చూడండి. శనివారం మీరు ఎనిమిదింటికి పాలు, పండు తీసుకుంటారు. తక్కిన రోజుల్లో 12.30 దాకా తీపి టీలు తప్ప ఏమీ లేదు. శనివారం మీ ఆఖరి ముద్ద ఏడింటిలోపు అయిపోతుంది. తక్కిన రోజుల్లో పది దాటుతుంది. ఆ రోజు మొత్తం మీద తక్కువ తింటారన్నదీ నిజమే, దాని ప్రభావమూ ఉండవచ్చు. అయినా, ఉపవాసం ఉన్న రోజే తలనొప్పి రాకపోవడం, టిఫిన్ మానేసిన రోజుల్లో రావడం చూస్తే, మీకు తేడా తెస్తున్నది పూటల సంఖ్య కన్నా ఎక్కువగా వేళలేమో అనిపిస్తోంది. పెళ్లయిన నాటి నుంచి వారానికోసారి మీ ఒళ్లు మీకు ఈ మాట చెబుతూనే ఉంది.

ఇక మీవారి పద్ధతి. ఆయన ఏడు కిలోలు తగ్గడం అబద్ధం కాదు, ఆయనకు అది పడింది. కానీ మీరిద్దరూ చేసింది ఒకటే పని అనుకుంటున్నారు. ఆయన ఎనిమిదింటికి లేస్తారని, మంచినీళ్లు తప్ప ఏమీ తాగరని, 1.30కు దుకాణంలో తింటారని, రాత్రి 12.30కు పడుకుంటారని మీరే రాశారు. అంటే లేచిన అయిదున్నర గంటలకు మొదటి ముద్ద, రాత్రి భోజనానికీ నిద్రకూ మధ్య రెండు గంటల పైన వ్యవధి. మీరు అయిదింటికి లేచి, ముగ్గురికి వండి, బస్సులో వేలాడి, మూడు పీరియడ్లు నిలబడి పాఠం చెప్పాక ఏడున్నర గంటలకు మొదటి ముద్ద తింటున్నారు. చివరి ముద్ద తిన్న అరగంటలోపే పడుకుంటున్నారు. గోడ మీది గడియారం ఇద్దరికీ ఒకటే. ఒంట్లోని గడియారాలు మూడు గంటల తేడాతో నడుస్తున్నాయి.

ఇంకొకటి. టిఫిన్ మానేసి పద్నాలుగు గంటలు ఉపవాసం ఉంటున్నానని లెక్క వేశారు. రాత్రి 10.10కి భోజనం ముగించి ఉదయం 5.10కి పాలు, రెండు చెంచాల చక్కెర వేసిన టీ తాగితే ఒంటికి తెలిసిన ఉపవాసం ఏడు గంటలే. పదకొండింటిలోపు మూడు టీలతో ఆరు చెంచాల చక్కెర, సుమారు 25 నుంచి 30 గ్రాములు, ఖాళీ కడుపులోకి పోతోంది. చక్కెర ఎక్కడం, దిగడం. పైగా టీలోని కెఫీన్, తగ్గిన హిమోగ్లోబిన్, నిలబడే ఉద్యోగం. తల నొప్పకపోతే ఆశ్చర్యపోవాలి. ఆ స్థితిలో పులిహోర ఒక్కటే తిని, సాయంత్రం అయిదింటికి ఇల్లు చేరిన మనిషి జంతికల డబ్బా తీయడాన్ని నిగ్రహలోపం అనకండి. పొద్దుటి నుంచి ఒంటికి అందనిది ఆ వేళకు అది వసూలు చేసుకుంటోంది. ఈ ఒక్క విషయంలో మీ మీద మీరు వేసుకున్న నిందను దయచేసి కొట్టివేయండి.

నోబెల్ సంగతి కూడా తేల్చుకుందాం. 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి వైద్యరంగంలో నోబెల్ వచ్చింది. కణం తనలోని పాతబడిన భాగాలను తానే విడగొట్టి మళ్లీ వాడుకునే పద్ధతిని, ఆటోఫాజీని, ఆయన ఈస్టు కణాల్లో అధ్యయనం చేశారు. పోషకాలు అందనప్పుడు ఆ పని ముమ్మరం అవుతుంది, అది నిజం. రోజుకు ఎన్ని పూటలు తినాలన్నది ఆయన తేల్చిన విషయం కాదు, ఆ బహుమతి దానికి ఇచ్చిందీ కాదు. మీకు దగ్గరగా వచ్చే నోబెల్ ఆ మరుసటి ఏడాదిది. 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్ అనే ముగ్గురికి, జీవకణాల్లో పగలూ రాత్రీ లెక్కపెట్టే గడియారం ఎలా నడుస్తుందో చెప్పినందుకు ఇచ్చారు. వాళ్లు పనిచేసింది పండ్ల మీద వాలే చిన్న ఈగల మీద. అయితే అలాంటి గడియారం మన కాలేయంలో, క్లోమంలో, పేగుల్లో కూడా ఉంది. చాలామందిలో చక్కెరను సర్దుకునే శక్తి పగటిపూట మెరుగ్గా, రాత్రి తక్కువగా ఉంటుంది. నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ పెరిగే వేళకు ఇన్సులిన్ విడుదల మందగిస్తుంది. ఒకే అన్నం, ఒకే కూర మధ్యాహ్నం తిన్నప్పటికన్నా రాత్రి పదింటికి తింటే చక్కెరను ఎక్కువ పైకి తీసుకుపోవడానికి అదొక కారణం.

యోగి, భోగి, రోగి సామెత నాకూ ఇష్టమే. కానీ తెలుగులో దానికి తోడు ఇంకో రెండు మాటలున్నాయి: చద్దివేళ, అంబటివేళ. పొద్దున చద్దన్నం తినే సమయమూ, పొద్దెక్కాక అంబలి తాగే సమయమూ మనవాళ్లకు గడియారపు గంటలుగా పనిచేశాయి. తెల్లవారకముందే లేచి ఒళ్లు వంచి పనిచేసినవాళ్లు పొద్దున్నే తిన్నారు, దీపాలవేళకు రాత్రి భోజనం ముగించారు. మా అమ్మమ్మ ఇంట్లో చీకటి పడ్డాక పొయ్యి వెలిగితే ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. మీరు అయిదింటికి లేచే మనిషి. మీ దినచర్య దుకాణం నడిపేవారి కన్నా పొలానికి వెళ్లినవాళ్ల దినచర్యకే దగ్గర.

అలాగని మూడు పూటలే మీకు సరైనవని తీర్పు చెప్పడం లేదు. ఎవరికి ఏది పడుతుందో బయటి నుంచి చెప్పడం ఎంత కష్టమో తెలిపే పరిశోధన ఒకటుంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థవారు 800 మందికి చక్కెరను నిరంతరం కొలిచే పరికరాలు అమర్చి, వారంపాటు వాళ్లు తిన్నవన్నీ నమోదు చేశారు. 2015లో వెలువడిన ఆ ఫలితాల్లో, ఒకే రకం ఆహారానికి ఒకరి చక్కెర బాగా పెరిగితే మరొకరిది కదలనైనా కదల్లేదు. మీ చెల్లెలికి పడిన చిన్న పూటలు, మీ తోటి టీచరుకు పడిన కొర్రలు, సామలు మీకు అలాగే పడతాయన్న హామీ లేదు. మీ ఒంటికి ఏది నప్పుతుందో మీ ఒంటి మీదే చూసుకోవాలి. అందుకు ఓపికగా, క్రమంగా వెళ్లాలి.

లెక్కల టీచరుకు నేను చెప్పాలా? ఒక సమీకరణంలో నాలుగు రాశులను ఒకేసారి మార్చేస్తే ఏది దేనివల్ల వచ్చిందో తెలియదు. మీ అయిదు పద్ధతుల్లోనూ జరిగింది అదే. వేళ, పరిమాణం, ధాన్యం, చిరుతిండి అన్నీ ఒక్కరోజులో మారిపోయాయి. ఈసారి ఒక నోటుబుక్కు పెట్టుకోండి. మొదటి వారం ఏమీ మార్చకండి. ఏ వేళకు ఏం తిన్నారు; ఆకలై తిన్నారా, వేళైందని తిన్నారా, విసుగుతో తిన్నారా; పదకొండింటికి తల ఎలా ఉంది; రాత్రి మంట ఉందా లేదా; నిద్ర ఎలా పట్టింది; ఇంతే రాయండి. బరువు రోజూ చూడకండి, వారానికోసారి చాలు. నెలసరికి ముందు వారం చాలామందికి ఆకలి పెరుగుతుంది, తీపి మీదకు మనసు పోతుంది. ఈ వయసులో నెలసరి తేదీలు కూడా కదులుతుంటాయి. ఆ వారంలో వచ్చిన ఫలితంతో ఏ పద్ధతినీ కొట్టివేయకండి.

రెండో వారం నుంచి ఒక్కొక్క మార్పు, ఒక్కోదానికి కనీసం పది పన్నెండు రోజులు. ఎందుకంత అంటే, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను మనం రోజూ తినే వేళకు ముందే పైకి లేవడం అలవాటు చేసుకుంటుంది. మీరు భోజనం వేళ మార్చినా పాత వేళకు అది తలుపు తడుతూనే ఉంటుంది. కొన్ని రోజులకు సర్దుకుంటుంది. నాలుగో రోజు రాత్రి రెండింటికి మీరు చల్లన్నం తిన్నారు కదా, అప్పటికి ఒళ్లు ఇంకా సర్దుకోనేలేదు. పైగా పగలు కూడా సరిగా తినకుండా రాత్రి భోజనం మానారు. అది ఏ మనిషైనా ఓడిపోయే పందెం.

మీ ముందున్న దారులు నాకు కనిపించినంతలో ఇవి.

మొదటిది, వారమంతటినీ శనివారానికి దగ్గరగా తీసుకురావడం. ఎనిమిదింటిలోపు ఏదో ఒకటి, 12.30కు బాక్సు, ఏడింటికి రాత్రి భోజనం. ఏడింటికి మీ అత్తగారు ఒక్కరే కూర్చుని తింటున్నారని రాశారు. ఆ వేళకు కంచం, కూర, పప్పు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మీరు వడ్డించి పక్కన నిలబడుతున్నారు. అక్కడే ఇంకో కంచం పెట్టుకోవచ్చు. దీనివల్ల భోజనానికీ నిద్రకూ మధ్య మూడు గంటలకు పైగా వ్యవధి వస్తుంది. పులితేన్పులకు వైద్యులు మొదట చెప్పే సలహా అదే. ఇంకో ఫలితం కూడా ఉంటుంది. “పొద్దున్నే నాకు ముద్ద దిగదు, నా ఒంటికి టిఫిన్ పడదేమో” అన్నారు. రాత్రి పదింటికి తిన్నవారికి పొద్దున ఆకలి లేకపోవడం సహజం. ఏడింటికి తినడం మొదలుపెట్టాక పది రోజులకు కూడా పొద్దున ఆకలి పుట్టకపోతే అప్పుడు ఆ మాటకు విలువ ఇద్దాం.

ఇందులో కష్టం ఎక్కడుందో నాకు తెలుసు. “ఆయన ఒక్కరే తింటే బాగుండదు. రోజంతటిలో మేమిద్దరం కూర్చుని మాట్లాడుకునేది ఆ అరగంటే” అని రాశారు. అది చిన్న విషయం కాదు, ఆరోగ్యం పేరు చెప్పి దాన్ని తీసిపారేయమని నేను అనను. 9.45కు ఆయనకు వడ్డించి, మీరు పల్చని మజ్జిగ గ్లాసుతో ఎదురుగా కూర్చోవచ్చు. మొదటి వారం రోజులు ఆయనకూ మీకూ వింతగా ఉంటుంది. “నీకూ ఒక ముద్ద పెడతాను” అంటారు. ముందే ఆయనతో మాట్లాడుకోండి, కారణం చెప్పండి, హెచ్‌బీఏ1సీ కాగితం చూపించండి. ఏడు కిలోలు తగ్గడానికి అంత పట్టుదల చూపిన మనిషి మీ పట్టుదలను అర్థం చేసుకోలేరని నేను అనుకోను. వారంలో ఒక్కరోజు, ఆదివారమో మరేదో, ఆయనతోనే కలిసి తినాలనుకుంటే తినండి. ఆరు రోజులు కుదిరిన పద్ధతి ఒక్కరోజుతో చెడిపోదు.

రెండో దారి మీ సాయంత్రపు ఆకలిని చూశాక తట్టింది. మీకు రోజంతటిలో గట్టిగా ఆకలేసేది అయిదింటికి. ఆ వేళకు మీరు చిరుతిండి తింటున్నారు, ఆకలి లేని 9.45కు భోజనం చేస్తున్నారు. ఈ రెండింటినీ అటూ ఇటూ మార్చి చూడండి. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని, కూర్చుని, పొద్దుట వండిన అన్నం, పప్పు, కూరతో 5.30కు పూర్తి భోజనం. రాత్రి ఆయనతో కూర్చున్నప్పుడు ఆకలి ఉంటే కాసిని ఉడికించిన శనగలో, కీరదోస ముక్కలో. లాభం, జంతికల డబ్బాతో పోట్లాట దానంతటదే తగ్గుతుంది. నష్టం, పొద్దున్నే రాత్రికి కూడా కలిపి వండాలి, ఆ పని మళ్లీ మీ నెత్తినే పడుతుంది. ఇంటికి రాగానే భోజనం చేసేస్తే సాయంత్రపు పనులకు ఒళ్లు బద్ధకిస్తుందనేవారూ ఉన్నారు. అలాంటప్పుడు తిన్నాక ఓ పావుగంట నడవండి. చక్కెర దిగడానికి కూడా అది బాగా పనికొస్తుంది.

రెండు పూటలే తినాలని మీకు గట్టిగా ఉంటే, అదీ తప్పేం కాదు. మీవారి వేళలు కాకుండా మీ వేళలకు అనుకూలంగా పెట్టుకోవాలి: ఎనిమిదింటికి నిండుగా, సాయంత్రం 5.30కు నిండుగా, మధ్యలో మజ్జిగ. కానీ మీ విషయంలో నాకు దీని మీద భయం ఒకటుంది. మీ హిమోగ్లోబిన్ 10.6, స్త్రీలకు 12 కన్నా తక్కువైతే రక్తహీనత అంటారు. జాతీయ పోషకాహార సంస్థ లెక్కన కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి, అంటే మీకు సుమారు 56 గ్రాములు. మీరు రాసిన మెనూను నా అంచనాతో కూడితే అందులో సగానికి కాస్త పైన వచ్చింది. మూడు పూటల్లోనే అందనిది రెండు పూటల్లో ఇమడ్చాలంటే చాలా జాగ్రత్తగా వండుకోవాలి. బరువు కోసమే అయితే అంత తొందరపడనక్కరలేదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది స్థూలకాయులను రెండు జట్లు చేసి, రెండు జట్లకూ ఆహారం ఒకే మేర తగ్గించి, ఒక జట్టును మాత్రం ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తినమన్నారు. ఏడాది తర్వాత వేళ పాటించినవారు సగటున 8 కిలోలు, పాటించనివారు 6.3 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి తీసుకోదగినంత కాదని 2022లో ప్రకటించారు. ఎనిమిది గంటల గీత దాటితే అంతా పోయిందన్న బెంగ మాత్రం అక్కరలేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

చెల్లెలు చెప్పిన ఆరేడు చిన్న పూటల పద్ధతి కొందరికి అవసరమే, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునే కొందరికి వైద్యులు అలా చెబుతారు. బడిలో పాఠాల మధ్య మీకు అది కుదరదు. వంటింట్లో నిలబడి తినే అలవాటు ఉన్నవారికి అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియదు కూడా.

ఏ దారి పట్టినా బాక్సు మాత్రం మారాలి. పులిహోర, బంగాళాదుంప వేపుడు, తెల్లన్నం, మూడూ ఒకే కుటుంబానివి, పిండిపదార్థాలే. అన్నం పూర్తిగా మానక్కరలేదు. ఇప్పుడు పెట్టుకునే దానిలో మూడో వంతు తగ్గించి, ఆ చోటులో గట్టి పప్పో, అలసందల కూరో, ఉడికించిన గుడ్డో పెట్టండి. ముందు కూర, పప్పు కొంత తిని ఆ తర్వాత అన్నం కలుపుకుంటే చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. ఇది ఖర్చు లేని ఉపాయం. పొద్దుటికి కొత్తగా వండవద్దు. అత్తగారికి పోసే పెసరట్టు పిండిలో నుంచి పావుగంట ముందు మీకూ ఒకటి పోసుకోండి. అదీ కుదరని రోజు రెండు గుడ్లు, లేదా పెరుగు కలిపిన చద్దన్నం నాలుగు ముద్దలు, ఉల్లిపాయ. శనివారం పాలు, అరటిపండుకే మీ తల ఊరుకుందంటే మిగతా రోజుల్లో ఇంతకన్నా పెద్ద ఏర్పాటు అవసరం లేదేమో.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి, నన్ను అన్నిటికన్నా కంగారు పెట్టిన సంగతి. థైరాయిడ్ మాత్ర వేసుకున్న పది నిమిషాలకే టీ తాగకూడదు. పరగడుపున మంచినీళ్లతో వేసుకున్నాక కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. లేకపోతే మందు సరిగా ఒంటికి పట్టదు. అయిదింటికి మాత్ర, ఆరింటికి టీ అనుకోండి. అలా మార్చితే మందు ఎక్కువగా ఒంటపడుతుంది కనుక, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించి మోతాదు సరిపోతోందో లేదో మీ వైద్యులనే అడగండి. ఐరన్ మాత్రలు రాస్తే వాటికీ థైరాయిడ్ మాత్రకూ మధ్య నాలుగు గంటలు ఉండాలి. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ వద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. టీలోని టానిన్లు ఇనుమును ఒంటికి అందనివ్వవు. మీ పదకొండింటి టీ అక్కడే ఉండనివ్వండి, చక్కెర ఒక చెంచాకు తగ్గించండి. ఎనిమిదింటి టీ మానేసి ఆ చోట తిండి పెట్టండి.

6.1 గురించి. 5.7 నుంచి 6.4 వరకు షుగరు ముంగిట ఉన్నట్లు లెక్క. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వేలో ఇలాంటివారు దేశంలో 13.6 కోట్ల మంది ఉన్నారని తేలింది. వీళ్లందరికీ షుగరు వచ్చి తీరుతుందని లేదు. చాలామంది ఏళ్ల తరబడి అక్కడే ఆగుతారు, కొందరు వెనక్కి వస్తారు. ఇంకో మాట, ఇనుము లోపంతో వచ్చిన రక్తహీనతలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ చూపించవచ్చు. అందుకే పరగడుపు పరీక్షతోపాటు 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చేసే పరీక్ష కూడా చేయించమని మీ వైద్యులను అడగండి. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఒక నాలుగు రోజులు చాలు: ఒకే భోజనం రెండు రోజులు ఏడింటికి, రెండు రోజులు 9.45కు తిని, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు చూడండి. మీ నోటుబుక్కులో మీ అంకెలే ఉంటాయి, వాటి ముందు మా ఎవరి సలహాలూ అక్కరలేదు. రోజూ పొడుచుకుంటూ ఆ అంకె చుట్టూ తిరగవద్దు. పదకొండింటి తలనొప్పి ఈ మార్పులకు తగ్గకపోతే బీపీ, కంటి అద్దాలు కూడా చూపించుకోండి. నలభై దాటాక దగ్గరి చూపు మందగించడం మామూలే.

ఇది చదివే ఇతర పాఠకుల్లో షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఉంటే, భోజనం వేళలు మార్చేముందు వైద్యుల్ని తప్పక అడగండి. మందు వేసుకుని తిండి ఆలస్యం చేస్తే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం దాకా వెళ్లవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ ప్రయోగాల జోలికి పోవద్దు.

చివరగా మీ అమ్మగారి గురించి ఒక్క మాట, టీచరు గారూ. “అమ్మ ఎప్పుడూ అందరూ తిన్నాక, మిగిలింది, నిలబడే తినేది” అని మూడో పేజీలో రాశారు. అది చదివాక మీ రోజు మళ్లీ చదివాను. కొడుకు వేళ, అత్తగారి వేళ, బస్సు వేళ, భర్త వేళ, అన్నీ అందులో ఉన్నాయి. మీ ఆకలి వేళ ఒక్కటీ లేదు. మీ అమ్మగారికి ఎందుకు అలా జరిగిందో ఇప్పుడు ఎవరమూ చెప్పలేం. మీరు మాత్రం రోజుకు ఒక్క పూటైనా వేడిగా, కూర్చుని, మీ ఆకలి వేళకు తినే ఏర్పాటు చేసుకోండి. అది ఏ పూట అన్నది మీ ఇష్టం. పద్ధతి ఎంచుకోవడం దాని తర్వాత.

ఎనిమిది వారాలయ్యాక మళ్లీ రాయండి. నోటుబుక్కులో ఏం తేలిందో, టీఎస్‌హెచ్ ఎంత వచ్చిందో రాయండి. ఏడింటి కంచం పక్కన ఇంకో కంచం పెట్టిన మొదటి రోజు మీ అత్తగారు ఏమన్నారో కూడా రాయండి.